సోనీ జెడ్90: జిల్లా న్యూస్ కెమెరాగా ఎంతవరకు పనికొస్తుంది?

ఒకప్పుడు నల్గొండ నుంచి విజువల్స్ పోవాలంటే క్యాసెట్‌ను కవర్లో పెట్టి హైదరాబాద్ బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాళ్లు. చేతిలో సోనీ పీడీ170 కెమెరా, జేబులో 40 నిమిషాల డీవీక్యామ్ క్యాసెట్లు. బస్సు కదిలితే కెమెరామెన్ పని అయిపోయినట్టే. ఇప్పుడు అదే మనిషి షూట్ చేయాలి, ఫైల్ సైజు తగ్గించాలి, ఇంటర్నెట్‌లో ఎఫ్‌టీపీ ద్వారా ఆఫీసు సర్వర్‌కు ఎక్కించాలి, మధ్యలో డెస్క్ ఫోన్ చేస్తే లైవ్‌లోకి రావాలి. పక్కన అసిస్టెంట్ ఉండడు. జిల్లాల్లో చాలామందికి కెమెరా కూడా సొంత డబ్బుతో కొనుక్కున్నదే. అందుకే సోనీ పీఎక్స్‌డబ్ల్యూ-జెడ్90 గురించి అడిగేవాళ్లకు ముందే చెప్పాల్సిన మాట: పగటి వార్తలకు, ప్రెస్‌మీట్లకు, లైవ్‌కు ఇది మంచి కెమెరా. రాత్రి జాతరలకు, స్టేజీకి దూరంగా ప్రెస్ గ్యాలరీ కట్టే సభలకు మాత్రం ఇబ్బంది పెడుతుంది.

2017లో వచ్చిన మోడల్ ఇది. ఒక అంగుళం సెన్సర్, 12 రెట్ల ఆప్టికల్ జూమ్, బాడీ బరువు కిలోకు కొంచెం అటూఇటూ. లెన్స్ విప్పే పని లేదు కాబట్టి మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊక దుమ్ములో తిరిగినా సెన్సర్ మీద దుమ్ము పడుతుందన్న బెంగ తక్కువ. ముందు 62 ఎంఎం యూవీ ఫిల్టర్ బిగిస్తే చాలు.

దీని అసలు బలం ఆటోఫోకస్. ప్రెస్‌మీట్‌లో నాయకుడి ముందు పది చానళ్ల మైక్ లోగోలు గుంపుగా లేస్తాయి. పాత కెమెరాలైతే ముందున్న లోగోను పట్టుకుని ముఖాన్ని వదిలేసేవి. జెడ్90లో ఫేస్ డిటెక్షన్ ఆన్ చేసి, సబ్జెక్టు మార్పు సెన్సిటివిటీని తగ్గిస్తే ఎవరో చెయ్యి అడ్డం పెట్టినా ఫోకస్ ముఖం మీదే ఉంటుంది. వదిలినా స్క్రీన్ మీద ముఖాన్ని వేలితో తాకితే తిరిగి పట్టుకుంటుంది. ఒక్కడే మైకూ కెమెరా రెండూ పట్టుకునే పనిలో ఇది చాలా పెద్ద సాయం. లెన్స్ రింగు మాత్రం ఒక్కటే. స్విచ్ మార్చి దాన్ని ఫోకస్‌కో జూమ్‌కో వాడుకోవాలి. జూమ్ చేస్తూ చేత్తో ఫోకస్ తిప్పే అలవాటున్నవాళ్లు జూమ్‌ను రాకర్ బటన్‌కు వదిలేసి, రింగును ఫోకస్ మీదే ఉంచుకోవడం మేలు.

లెన్స్‌లోకి వచ్చే వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు లోపలే ఉన్నాయి: 1/4, 1/16, 1/64 వంతుకు. మే నెల మధ్యాహ్నం ఎండలో 1/64 వేసి, షట్టర్ 1/50, గెయిన్ (బొమ్మ వెలుతురును ఎలక్ట్రానిక్‌గా పెంచేది) సున్నా పెడితే ఐరిస్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) మరీ మూసుకోకుండా నిలుస్తుంది. ఎన్‌డీ వేయకుండా ఐరిస్‌ను ఎఫ్/11 దాకా (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) మూస్తే బొమ్మ మెత్తబడుతుంది, లెన్స్ మీది దుమ్ము చుక్కలు కూడా బయటపడతాయి. నాగార్జునసాగర్ 26 గేట్లూ ఎత్తినప్పుడు ఆటో ఎక్స్‌పోజర్‌ను అస్సలు నమ్మకూడదు. ఫ్రేమంతా తెల్లని నురగే ఉంటుంది కాబట్టి కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని ఐరిస్ మూస్తుంది. నురగ బూడిదరంగుకు తిరుగుతుంది, ముందు నిలబడ్డ పర్యాటకుల ముఖాలు నల్లబడతాయి. జీబ్రాను (వెలుతురు మరీ ఎక్కువైన చోట స్క్రీన్ మీద గీతలు చూపేది) 100 దగ్గర పెట్టి, నురగలో అక్కడక్కడ మాత్రమే గీతలు కనిపించేలా ఐరిస్‌ను చేత్తో తెరవాలి. తుంపర పడుతుంది కాబట్టి మైక్రోఫైబర్ గుడ్డలు రెండు ఉండాలి, ఒకటి తడిస్తే ఇంకోటి.

ఆడియో దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. హ్యాండిల్ మీద రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్లు (ప్రొఫెషనల్ మైక్ కేబుల్ పెట్టే సాకెట్లు), ఒక్కోదానికి లైన్, మైక్, మైక్+48వీ (మైక్‌కు కరెంటు ఇచ్చేది) అని స్విచ్ ఉంటుంది. సభల్లో సౌండ్ వాళ్లు మిక్సర్ నుంచి ఇచ్చేది లైన్ సిగ్నల్. స్విచ్ మైక్‌లోనే ఉంటే మాట పగిలిపోతుంది, తర్వాత ఎడిటింగ్‌లో బాగుచేయడం కుదరదు. 48 వోల్టుల్లో ఉంటే ఆ కరెంటు మిక్సర్ వైపు పోయి హమ్ రావచ్చు. ఒకటో చానల్లో సభ లైన్, రెండో చానల్లో గన్ మైక్ (ఎదురుగా ఉన్న శబ్దాన్ని పట్టే పొడుగు మైక్) పెడితే ప్రసంగం శుభ్రంగా వస్తుంది, నినాదాలూ వస్తాయి. హెడ్‌ఫోన్ పెట్టుకోకుండా రికార్డు నొక్కొద్దు. ఇంకో విషయం: హ్యాండిల్ విప్పితే ఎక్స్‌ఎల్‌ఆర్ కూడా పోతుంది. బరువు తగ్గుతుందని దాన్ని ఇంట్లో వదిలి రావొద్దు.

లైవ్‌కు ఎస్‌డీఐ (వీడియోను కేబుల్‌లో బయటికి పంపే ప్రొఫెషనల్ కనెక్షన్) ఉండటం దీన్ని చవక కెమెరాల నుంచి వేరు చేస్తుంది. హెచ్‌డీఎంఐ పిన్ను తోపులాటలో కదిలితే బొమ్మ పోతుంది. ఎస్‌డీఐకి వాడే బీఎన్‌సీ ప్లగ్ తిప్పి బిగించేది కాబట్టి ఊడదు. వీపుకు తగిలించుకునే బ్యాక్‌ప్యాక్ లైవ్ యూనిట్ ఆ వీడియోను ముక్కలు చేసి జియో, ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్‌ల మీద పంపి, స్టూడియో వైపు మళ్లీ కలుపుతుంది. అన్ని సిమ్‌లూ ఒకే కంపెనీవి వేస్తే ఆ టవర్ మీద జనం పెరిగినప్పుడు అన్నీ కలిసి కూలబడతాయి. నల్లమలలో మన్ననూరు దాటాక సిగ్నల్ లేని చోట్లు తగులుతాయి. అక్కడ లైవ్ మీద ఆశ పెట్టుకోకుండా రికార్డు చేసి, సిగ్నల్ దొరికిన చోట ఫైల్ పంపడమే దారి. లైవ్‌కు ముందు కెమెరా 50ఐలో (మన 50 హెర్ట్జ్ కరెంటుకు సరిపోయే వీడియో వేగం) ఉందో లేదో చూడాలి. ఎవరైనా 60ఐకి మార్చి ఉంటే ట్యూబ్‌లైట్ల కింద మినుకు కనిపిస్తుంది, స్టూడియో సిగ్నల్‌తోనూ పొసగదు.

ఫైల్ పంపే లెక్క కూడా తెలిసి ఉండాలి. హెచ్‌డీ 50 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 50 మెగాబిట్లు, 8 బిట్లు కలిస్తే ఒక బైట్) నిమిషానికి సుమారు 375 ఎంబీ. 64 జీబీ కార్డు రెండు గంటలకు పైనే వస్తుంది. అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ వచ్చే చోట నిమిషం ఫుటేజీ పోవడానికి పది నిమిషాలు. అదే 6 ఎంబీపీఎస్‌కు కుదిస్తే నిమిషంన్నర లోపే పోతుంది. బ్రేకింగ్‌కు చిన్న ఫైల్, ప్రత్యేక కథనానికి ఒరిజినల్. రెండు కార్డు స్లాట్లు ఉన్నాయి కాబట్టి ముఖ్యమైన రోజుల్లో రెండింటిలోనూ ఒకేసారి రికార్డు పెట్టుకోవాలి.

ఇక లోపాలు. పూర్తి వైడ్‌లో ఎఫ్/2.8 ఉన్న లెన్స్ పూర్తి జూమ్‌కు వెళ్లేసరికి ఎఫ్/4.5 అవుతుంది. చెర్వుగట్టు జాతరలో అగ్నిగుండాల దగ్గర దూరం నుంచి జూమ్ చేస్తే గెయిన్ పెరిగి బొమ్మంతా రేణువులే. వీలైనంత దగ్గరికి వెళ్లి వైడ్‌లో తీయడం, వైట్ బ్యాలెన్స్‌ను 3200 దగ్గర స్థిరంగా ఉంచడం తప్ప వేరే ఉపాయం లేదు. హెచ్‌డీలో క్లియర్ ఇమేజ్ జూమ్ (డిజిటల్ సాయంతో పెంచేది) 24 రెట్ల దాకా లాగుతుంది, పగటి సభకు నడిచిపోతుంది, రాత్రి వద్దు. ఎక్కువగా సభలే తీసేవాళ్లు 25 రెట్ల జూమ్, మూడు రింగులు ఉన్న సోనీదే జెడ్190ను చూడటం మంచిది. దాని బరువు, చిన్న సెన్సర్లు భరించాలి మరి.

పాత సోనీ కెమెరాల ఎన్‌పీ-ఎఫ్ బ్యాటరీలు దీనికి పట్టవు. అవి ఎల్‌ఈడీ లైటుకు వాడుకోవచ్చు. కెమెరాతో వచ్చే ఎన్‌పీ-ఎఫ్‌వీ70ఏ ఒక్కటి రోజంతా రాదు, ఎన్‌పీ-ఎఫ్‌వీ100ఏ రెండు తీసుకోవాలి. కంపెనీ చెప్పే పని ఉష్ణోగ్రత 40 డిగ్రీల వరకే, నల్గొండ ఎండ దాన్ని దాటుతుంది. షాట్‌కూ షాట్‌కూ మధ్య నల్లని బాడీ మీద తెల్ల తువ్వాలు కప్పాలి, బైక్ ట్యాంక్ కవర్లో వదలకూడదు.

సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లు రెండు ఎక్స్‌ఎల్‌ఆర్‌లలోనూ మైక్ పెట్టి వినాలి, కేబుల్‌ను మెల్లగా కదిలించి గరగర వస్తుందేమో చూడాలి. ఎస్‌డీఐని మానిటర్‌కు కలిపి పావుగంట వదలాలి. తెల్లగోడ మీద ఐరిస్ మూసి తీస్తే లెన్స్ లోపలి ఫంగస్, మచ్చలు బయటపడతాయి. ఎన్‌డీ స్విచ్‌ను నాలుగు స్థానాల్లోనూ మార్చి చూసి, ఎక్కడైనా ఇరుక్కుంటే ఆ కెమెరాను అక్కడే వదిలేయాలి.