విండోస్ 10 వదలాలా వద్దా: రెండు కంప్యూటర్ల మీద వాడి చూశాక

మా ఇంట్లో రెండు కంప్యూటర్లున్నాయి. ఒకటి ఎనిమిదో తరం ఐ5 లాప్‌టాప్, రెండోది అసెంబుల్ చేయించుకున్న ఏడో తరం ఐ5 డెస్క్‌టాప్. లాప్‌టాప్ విండోస్ 11కి మారి చాలాకాలమైంది. డెస్క్‌టాప్‌లో విండోస్ 10, ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే సిస్టమ్ రెండూ ఉన్నాయి. మార్చాలా వద్దా అని అడిగేవాళ్లంతా మొదట ఏది ఫాస్ట్ అనే అడుగుతారు. నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ఆ కంప్యూటర్ లేకపోతే ఆగిపోయే పని ఏమిటో ముందు చూసుకోవాలి. మాకైతే అవి మూడు: తెలుగు టైపింగ్, ఒక పాత లేజర్ ప్రింటర్, మా బావగారి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్‌లో సంతకం పెట్టడానికి వాడే యూఎస్‌బీ పరికరం).

2015 జులై 29న వచ్చిన విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. దాంతో కంప్యూటరేమీ ఆగిపోదు. సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం రావు. ఇంట్లో వాడేవాళ్ల కోసం ఈఎస్‌యూ అని 2026 అక్టోబర్ 13 దాకా పొడిగింపు ఇచ్చారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. డెస్క్‌టాప్‌కి నేను చేసింది అదే. సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి, కొత్త సౌకర్యాలేవీ రావు. నాకు ఆ రెండో ముక్కే ఎక్కువ నచ్చింది.

విండోస్ 11కి మీ మెషీన్ పనికొస్తుందో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఇంటెల్ అయితే ప్రాసెసర్ పేరు చూడండి. ఐ5-7400లో మొదటి అంకె ఏడు, అంటే ఏడో తరం. ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం. ఒకటీ అరా మినహాయిస్తే ఎనిమిది నుంచే అధికారిక జాబితాలో ఉన్నాయి. టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్) లేదని మెసేజ్ వస్తే వెంటనే దిగులు పడకండి. అసెంబుల్డ్ బోర్డుల్లో చాలావాటికి అది ఉంటుంది, ఆఫ్ చేసి ఉంటుంది అంతే. బయోస్‌లోకి, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవాల్సిన సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇంటెల్‌కైతే పీటీటీ, ఏఎండీకైతే ఎఫ్‌టీపీఎం అన్నది ఆన్ చేస్తే సరి. నా డెస్క్‌టాప్‌లో పీటీటీ ఉంది, ఆన్ కూడా అయింది. ప్రాసెసర్ దగ్గరే ఆగిపోయింది.

రూఫస్ అనే ఉచిత టూల్‌తో ఈ తనిఖీలు దాటించి ఎక్కించుకోవచ్చని చాలామంది చెప్పారు. నిజమే, ఎక్కుతుంది. కానీ అలాంటి మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. పైగా ఏటా వచ్చే కొత్త వెర్షన్‌ని మళ్లీ మనమే చేత్తో ఎక్కించుకోవాలి. కుర్రాళ్లు సరదాకి చేసుకుంటే చేసుకోనీండి, ఇంట్లో ఫీజులు కట్టే కంప్యూటర్‌కి ఆ టెన్షన్ ఎందుకు?

లాప్‌టాప్ సంగతికొస్తే, విండోస్ 11 బాగానే నడుస్తోంది. 10కీ దీనికీ స్పీడ్‌లో తేడా నాకైతే తెలియలేదు. స్పీడ్ పెరిగింది పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించినప్పుడే. ఇంకా హార్డ్‌డిస్క్ మీదే నెట్టుకొస్తున్నవాళ్లు సిస్టమ్ మార్చే ముందు అది మార్చండి. చిరాకు పెట్టేవి చిన్నవే. టాస్క్‌బార్‌ని 10లో లాగా స్క్రీన్ పక్కకి జరుపుదామంటే, నేను వాడుతున్న వెర్షన్‌లో ఆ వీలు లేదు. రైట్ క్లిక్ చేస్తే సగం ఆప్షన్లు ఇంకో క్లిక్ వెనకాల దాక్కుంటాయి. నోట్‌ప్యాడ్‌కి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌కి ట్యాబ్‌లు రావడం మాత్రం నిజంగా పనికొచ్చింది. మొబైల్ హాట్‌స్పాట్ మీద నెట్ వాడేవాళ్లు వైఫై సెట్టింగ్స్‌లో మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేసుకోవడం మరిచిపోవద్దు. లేదంటే అప్‌డేట్లు దిగి ఆ రోజు డేటా మధ్యాహ్నానికే హారతి కర్పూరం.

ఇక తెలుగు. మనవాళ్లకి అసలు తలనొప్పి ఇక్కడే. యూనికోడ్‌లో (అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనబడే పద్ధతిలో) టైప్ చేసేవాళ్లకి 10 అయినా 11 అయినా ఒకటే. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు రెండింట్లోనూ ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డు కూడా 2019లోనే విండోస్ 10లోకి వచ్చేసింది. మొత్తం ఫార్మాట్ చేసి కొత్తగా వేసుకున్నప్పుడు మాత్రం గౌతమి, వాణి ఫాంట్లు కనిపించకపోవచ్చు. మొదటి నుంచీ ఉండేది నిర్మల ఒక్కటే. పాత వర్డ్ ఫైల్ తెరిస్తే పేరాలు జరిగిపోయి, ఒక పేజీ ఉత్తరం రెండు పేజీలవుతుంది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకుంటే రెండూ వచ్చేస్తాయి.

మా ఆవిడ శుభలేఖలు, గుడి కరపత్రాలు చేసిపెడుతుంది. ఆ పనంతా పేజ్‌మేకర్ 7 అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లతో. ఇవి యూనికోడ్ కావు, ఆ ఫాంట్ లేని చోట మ్యాటరంతా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలుగా కనబడుతుంది. ఇన్నేళ్ల ఫైళ్లు అందులోనే ఉన్నాయి. మార్చుకోవచ్చు కదా అంటారు. కన్వర్టర్లు ఉన్నాయి, అయితే ఒత్తుల దగ్గర తప్పులు వస్తే అక్షరం అక్షరం సరిచూసుకోవాల్సింది మనమే. పెళ్లివారి ఇంటిపేరు తప్పు పడితే ఎవరికి మాట వస్తుందో చెప్పక్కర్లేదు. డెస్క్‌టాప్‌లో విండోస్ 10ని తీసెయ్యకుండా ఉంచడానికి కారణం ఈ ఒక్క పనే.

దాని పక్కన వేసిన మింట్ 22కి 2029 దాకా సపోర్ట్ ఉంది. విండోస్‌కి అలవాటుపడ్డ చేతికి కొత్త అనిపించదు. మెనూ కింద ఎడమవైపే ఉంటుంది. బ్రౌజింగ్, వీడియోలు, కరెంటు బిల్లు, బ్యాంకు పనులు అన్నీ అందులోనే. తెలుగు టైపింగ్‌కి ఐబస్, ఎమ్17ఎన్ అనే ప్రోగ్రాములు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ లేఅవుట్‌లు మూడూ దొరుకుతాయి. ఆపిల్‌కి అలవాటుపడ్డ మా ఆవిడకి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోయింది. వర్డ్ ఫైళ్లు లిబ్రేఆఫీస్‌లో తెరుచుకుంటాయి, టేబుళ్లుంటే కాస్త అటూఇటూ అవుతాయి.

పనికి రాని చోట్లు కూడా ఉన్నాయి. ప్రింటర్ కంపెనీ లినక్స్‌కి డ్రైవర్ ఇవ్వలేదు, కంపెనీ పేరు అనవసరం. కాబట్టి పీడీఎఫ్ చేసి లాప్‌టాప్ నుంచి ప్రింట్ తీస్తాం. బావగారి టోకెన్ కూడా లాప్‌టాప్‌కే పెడతారు. ఇలాంటి టోకెన్ మీద బతికేవాళ్లు విండోస్‌లోనే ఉండండి, మెషీన్ ఒప్పుకుంటే నేరుగా 11కి వెళ్లిపోండి. అయితే లాప్‌టాప్‌లో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉందేమో చూసి, రికవరీ కీ ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. రేపు బోర్డు మార్చాల్సి వస్తే ఆ కీ లేకుండా డేటా తిరిగి రాదు.

రెండు సిస్టమ్‌లు పక్కపక్కన పెట్టుకునేవాళ్లకి ఇంకో రెండు మాటలు. మింట్ నుంచి విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతుంటుంది. మింట్ మెషీన్ టైమ్‌ని గ్రీనిచ్ ప్రకారం రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. టెర్మినల్‌లో ఒక్క కమాండ్‌తో పోయే జబ్బు అది. రెండోది, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయండి. లేకపోతే ఆ డ్రైవ్‌ని మింట్ చదవనిస్తుంది కానీ అందులో ఏమీ రాయనివ్వదు. నాకు ఇది అవసరం, ఎందుకంటే ఈఎస్‌యూ గడువు అయిపోగానే విండోస్ 10 వైపు నెట్ పూర్తిగా తీసేస్తాను. పేజ్‌మేకర్‌కి నెట్‌తో పనిలేదు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలూ ఫైళ్లూ మింట్‌లో దించి, అక్కడి నుంచే విండోస్ డ్రైవ్‌లో మా ఆవిడ ఫోల్డర్‌లో వేసేస్తే తన పని నడుస్తుంది.