గైడ్ క్యాంపు రెడీమేడ్ కిట్: ఏవి ఉంచుకోవాలి, ఏవి మార్చుకోవాలి

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఆడపిల్లల విభాగమైన గైడ్స్‌కి తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్ అని పరీక్షల మెట్లు ఉంటాయి. వాటిలో ఏ శిబిరానికైనా తేదీ ఖరారైందంటే చాలు, స్కూలు యూనిఫాం కొట్లలో గైడ్ క్యాంప్ కిట్ అడిగేవాళ్ళు మొదలవుతారు. వీపు బ్యాగు, రెండు తాళ్ళు, నేల మీద పరుచుకునే షీటు, టార్చి, ప్లేటూ గ్లాసూ, ఫస్ట్ ఎయిడ్ పౌచ్, స్కార్ఫ్, దాన్ని మెడ దగ్గర పట్టి ఉంచే వాగిల్ అనే రింగు, విజిల్ తగిలించిన లాన్‌యార్డ్ తాడు. అన్నీ కలిపి రెండు వేలకి అటూ ఇటూగా అమ్ముతారు. నాలుగు కొట్లు తిరిగే తీరిక లేని అమ్మానాన్నలకు ఇది సుఖమే. అయితే ఇందులో కొన్ని బాగా పనికొస్తాయి, కొన్ని క్యాంపు మొదటి రాత్రే చేతులెత్తేస్తాయి. అన్నిటికన్నా పెద్ద లోటు ఏమిటంటే, ఆడపిల్లల శిబిరానికని అమ్మే ఈ కిట్‌లో ఆడపిల్లకి ప్రత్యేకంగా కావలసింది ఒక్కటీ ఉండదు. ఆ సంగతి కింద వివరంగా రాశాం.

ముందు బ్యాగు. 45 లీటర్లది ఇస్తారు. అయిదారు రోజుల శిబిరానికి పరిమాణం సరిపోతుంది. గుడ్డ కూడా గట్టిదే. తేలిపోయేది భుజం పట్టీ బ్యాగుకి అతుక్కునే చోట. అక్కడ ఒక్క వరస కుట్టు ఉంటే, నిండు బ్యాగుని ఒక భుజం మీదే వేసుకుని బస్సెక్కేటప్పుడు పుటుక్కున ఊడుతుంది. చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర నైలాన్ దారంతో చదరంగా నాలుగు వైపులా, మధ్యలో అడ్డంగా ఇంకోసారి కుట్టిస్తే ఇక చూసుకోనక్కర్లేదు. నడుం బెల్టు ఉన్న బ్యాగే తీసుకోండి. పిల్ల వీపున తగిలించినప్పుడు ఆ బెల్టు తుంటి ఎముక మీద కూర్చోవాలి. పొట్ట మీదికి వచ్చిందంటే బరువంతా భుజాల మీదే పడుతుంది. 40 కిలోల పిల్లకి నీళ్ళ సీసాతో కలిపి 6 కిలోలు దాటకూడదు. ఇంట్లో వెయింగ్ మెషీన్ ఉంటే పిల్లని బ్యాగుతో ఒకసారి, బ్యాగు లేకుండా ఒకసారి నిలబెట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఇక తాళ్ళు. కిట్‌లో అన్నిటికన్నా నాసిరకం సరుకు ఇదే, పరీక్షలో మార్కులు పోయేదీ ఇక్కడే. ఇచ్చేది మెరిసే నైలాన్ అల్లిక తాడు, ఒక్కొక్కటి మీటరున్నర. నైలాన్ నున్నగా ఉంటుంది కాబట్టి ముడి పట్టు నిలవదు. రెండు కొసల్ని కలిపే రీఫ్ నాట్ పిల్ల సరిగ్గానే వేసినా, పరీక్షకులు దగ్గరికి వచ్చేసరికి అది సడలిపోయి ఉంటుంది. కర్రకి తాడు కట్టే క్లోవ్ హిచ్ ముడి కర్ర మీద జారిపోతుంది. ముడులు నేర్చుకునే చేతికి నూలు తాడు కావాలి. 8 మిల్లీమీటర్ల మందం, 3 మీటర్ల పొడవు.

మీటరున్నర ఎందుకు చాలదో లెక్క వేసి చూడండి. స్క్వేర్ లాషింగ్‌తో, అంటే అడ్డంగా నిలువుగా పెట్టిన గడల్ని తాడు చుట్లతో బిగించే కట్టుతో, 4 సెంటీమీటర్ల లావు వెదురు గడలు రెండు కట్టాలనుకుందాం. మొదట నిలువు గడకి క్లోవ్ హిచ్. దానికి కొసతో కలిపి 35 సెంటీమీటర్లు. తర్వాత రెండు గడల్నీ కలిపి వేసే చుట్టు ఒక్కోదానికి 25 నుంచి 30, అలాంటివి మూడు చుట్లు. గడల మధ్య నుంచి బిగించే ఫ్రాపింగ్ రెండు చుట్లకి 40 దాకా. చివర అడ్డగడకి మళ్ళీ క్లోవ్ హిచ్, ఇంకో 35. మొత్తం రెండు మీటర్లు. పైగా చేత్తో పట్టుకుని గుంజడానికి అరమీటరు మిగలాలి. మీటరున్నర తాడిచ్చిన పిల్ల ఫ్రాపింగ్ దగ్గరే ఆగిపోతుంది, లేదా చుట్లు తగ్గించి చివరి ముడి ఎలాగో ముగిస్తుంది. అలా కట్టిన చెప్పుల స్టాండు తోస్తే ఊగుతుంది. తప్పు పిల్లది కాదు, తాడు పొట్టిది. లాషింగ్‌కి 6 మిల్లీమీటర్ల తాడు 3 మీటర్లు విడిగా కొనండి. కొబ్బరి తాడు గడని బాగా కరుచుకుంటుంది కానీ అరచేతులు ఒరుసుకుపోతాయి. జనపనార తాడు నయం.

మందం వేరైన తాళ్ళు రెండు ఉండటం వల్ల ఇంకో లాభం ఉంది. షీట్ బెండ్ వేసేదే సన్న తాడునీ లావు తాడునీ కలపడానికి. కిట్‌లో ఇచ్చినట్టు రెండూ ఒకే రకం అయితే ఆ ముడి ఎందుకు కావాలో పిల్లకి అర్థం కాదు. నూలు తాడు ఒక కొసని జానెడు మేర పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టండి. రీఫ్ నాట్ వేసినప్పుడు ఏ కొస ఎటు వెళ్ళిందో కంటికి తెలుస్తుంది. పసుపు కొస బయల్దేరిన వైపుకే తిరిగొచ్చి పక్కపక్కన పడుకుంటే సరైన ముడి, అడ్డంగా నిక్కితే తప్పు. కొసలు విచ్చుకోకుండా దారంతో బిగించి చుట్టించాలి, దీన్నే విప్పింగ్ అంటారు. సెల్లోటేపు చుట్టి పంపితే మొదటి రోజే ఊడుతుంది, చూసేవాళ్ళకీ బాగోదు. నైలాన్ తాడుని మాత్రం పారేయకండి. కొసలు కొవ్వొత్తి మీద కరిగిస్తే బట్టలారేసుకునే దండేనికి భేషుగ్గా ఉంటుంది. డేరాకి కట్టే తాళ్ళ సంగతి వేరు. నూలు తాడైతే మంచుకి తడిసి బిగుసుకుంటుంది, తెల్లారేసరికి మేకులు పైకి లేచి ఉంటాయి. పడుకునే ముందు కాస్త వదులు చేయాలన్నది అందుకే.

నేల షీటు విషయంలో కొట్టువాళ్ళు పొదుపు చూపిస్తారు. ఇచ్చేది పలచటి ప్లాస్టిక్, రాయి గుచ్చుకుంటే చిరుగుతుంది. టార్పాలిన్ కొట్లో 150 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని బరువు లెక్క) పైన ఉన్నది అడిగి, 7 అడుగుల పొడవు 4 అడుగుల వెడల్పు కత్తిరించి తెచ్చుకోండి. డేరా అంచు దాటి షీటు బయటికి వచ్చిందా, వాన నీరు దాని మీద పడి నేరుగా పడక కిందికి వస్తుంది. అంచులు లోపలికి మడవాలి. మన దగ్గర శిబిరాలు ఎక్కువగా చలికాలంలోనే పెడతారు. ఆదిలాబాద్ వైపో, అరకు వైపో అయితే రాత్రి చలి పది డిగ్రీల లోపుకి దిగుతుంది. పిల్లలు రెండు దుప్పట్లూ పైనే కప్పుకుని వణుకుతుంటారు. చలి ఎక్కువగా లాగేది నేల. కప్పుకునేది ఒకటైతే కింద వేసుకునేవి రెండు ఉండాలి. బొంత వెచ్చన కానీ బరువు. రగ్గు ఒకటి, పాత నూలు దుప్పటి ఒకటి చాలు.

టార్చి ఛార్జింగ్‌ది. ఇంట్లో బాగుంటుంది. శిబిరంలో ప్లగ్గు ఉన్నా దాని చుట్టూ నలభై మంది ఉంటారు. సెల్స్ వేసేది, వీలైతే తలకి కట్టుకునేది మేలు. రాత్రి మరుగుదొడ్డికి వెళ్ళేటప్పుడు ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో మగ్గు ఉంటాయి, టార్చి పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. ప్రయాణంలో బ్యాగులో దానంతటదే వెలిగి సెల్స్ అయిపోకుండా ఒక సెల్‌ని తిరగేసి పెట్టండి.

ప్లేటు, గ్లాసు అల్యూమినియంవి ఇస్తున్నారు. తేలిక నిజమే. కానీ వేడి చారు పోస్తే గ్లాసు పట్టుకోలేరు, పులుపు తగిలితే అల్యూమినియం మంచిది కాదు. శిబిరంలో పులిహోర, సాంబారు తప్పవు కదా. ఇంట్లో ఉన్న అంచు ప్లేటు, స్టీలు గ్లాసు, చిన్న గిన్నె, చెంచా ఇవ్వండి. స్టీలు సామాన్ల కొట్లో పేరు కొట్టిస్తే, అందరివీ ఒక్కచోట తోమినప్పుడు వెతుక్కునే పని తప్పుతుంది.

ఫస్ట్ ఎయిడ్ పౌచ్‌లో దూది, రోల్ బ్యాండేజీ, అంటించే పట్టీలు, యాంటీసెప్టిక్ ఉంటాయి. బాగానే ఉన్నాయి. పరీక్షలో అడిగే త్రికోణపు బ్యాండేజీ మాత్రం ఉండదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న లాంగ్‌క్లాత్ ముక్కని మూలకి మూలకి కత్తిరిస్తే రెండు వస్తాయి. ఉతికి గంజి పోగొట్టాలి, లేకపోతే ముడి జారుతుంది. దెబ్బ తగిలిన చేతిని మెడకి వేలాడదీసే స్లింగ్ కట్టు స్కార్ఫ్‌తోనే కట్టేయొచ్చు కదా అంటారు. స్కార్ఫ్ రెండు అంచులూ 70 నుంచి 80 సెంటీమీటర్లే ఉంటాయి, పెద్ద పిల్ల మోచేతిని అది పూర్తిగా పట్టదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు చేర్చండి. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో కలిపి తాగిస్తే ఉప్పు ఎక్కువై మేలుకి బదులు కీడు జరుగుతుంది. కలిపినది 24 గంటల తర్వాత పారబోయాలి. మాత్రలు పిల్ల బ్యాగులో పెట్టకండి. డాక్టరు రాసినవి ఏవైనా ఉంటే, ఏది ఎప్పుడు ఎంత వేయాలో కాగితం మీద రాసి, పిల్లల్ని చూసుకునే గైడ్ కెప్టెన్‌కి ఇవ్వండి. ఉబ్బసం ఉన్న పిల్ల ఇన్‌హేలర్ మాత్రం పిల్ల దగ్గరే ఉండాలి.

స్కార్ఫ్ రంగు కొట్టువాళ్ళు చేతికందినది ఇస్తారు. ఆకుపచ్చ, ఊదా, పసుపు రంగులు గ్రూపు స్కార్ఫ్‌కి వాడకూడదని భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ నియమం. మీ పిల్ల ఉన్న గైడ్ కంపెనీ (యూనిట్) రంగు అడిగి తెలుసుకున్నాకే కొనండి. కొట్లో అమ్మే యూనిఫాం చున్నీ పాలియెస్టర్‌ది. రోజంతా వేసుకున్నా నలగదు, నిజమే. కానీ పొయ్యి దగ్గరికీ క్యాంప్‌ఫైర్ దగ్గరికీ అది పోకూడదు. నిప్పురవ్వ పడితే నూలు కాలుతుంది, పాలియెస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. వంట పని ఉన్న పూట నూలు సల్వార్ కమీజు, చున్నీ లేకుండా, జడలు రెండూ పైకి కట్టి. ఈ విషయంలో సర్దుబాటు వద్దు.

ఇప్పుడు కిట్‌లో లేనివి. గైడ్ విభాగంలో చేరేది పదేళ్ళు నిండిన పిల్లలు. అంటే చాలామందికి మొదటిసారి నెలసరి వచ్చే వయసు సరిగ్గా శిబిరాలకు వెళ్ళే వయసే. తేదీ దగ్గర్లో లేదనో, ఇంకా మొదలవలేదనో వదిలేయకండి. ప్రయాణం, ఎండ, నిద్ర తక్కువ కావడం వల్ల ముందుకో వెనక్కో జరగడం మామూలే. ప్రతి పిల్ల దగ్గరా ఒక గుడ్డ సంచి ఉండాలి: ప్యాడ్లు ఆరు, ముదురు రంగు లోదుస్తులు రెండు, పాత న్యూస్‌పేపరు ముక్కలు, చిన్న సబ్బు. తేదీ శిబిరంలోనే పడుతుందనుకుంటే రోజుకి అయిదు చొప్పున లెక్క వేయండి. నాలుగైదు గంటలకోసారి మార్చుకోవాలి, హైక్ (దూరం నడక) రోజున కూడా. అందుకే ఆ సంచి డేరాలో వదిలేయకుండా భుజాన వేసుకునే చిన్న సంచిలోకి మారాలి. వాడినవి కాగితంలో చుట్టి, కెప్టెన్ చూపించిన డబ్బాలోనే వేయాలి. మరుగుదొడ్డిలో వేస్తే నీళ్ళకి ఉబ్బి గొట్టం మూసుకుపోతుంది, ఇక ఆ రోజు అందరికీ ఇబ్బందే. గుడ్డ వాడే అలవాటున్న పిల్లలకి ఎండలో ఆరేసుకునే మరుగు దొరుకుతుందో లేదో ముందే కెప్టెన్‌ని అడగండి, దొరకకపోతే ఆ నాలుగు రోజులకి ప్యాడ్లే మంచివి. పంపే ముందు ఇవన్నీ ఎలా వాడాలో ఇంట్లో ఒకసారి చూపించాలి. ఏడుస్తూ డేరాలో ఒక్కతే కూర్చునే పిల్లని చూస్తే, ఆ పది నిమిషాల మాట ఎంత అవసరమో తెలుస్తుంది.

స్నానానికి టార్పాలిన్ కట్టిన మరుగే ఉండొచ్చు, అందుకని పొడవాటి నైటీ ఒకటి. దువ్వెన ఎవరిది వాళ్ళదే, పేలు శిబిరం నుంచే ఇంటికి వస్తాయి. కొబ్బరి నూనె చిన్న సీసాలో పోసి, మూతకి టేపు చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేయాలి. పిన్నీసులు ఒక అట్ట. బూట్లు కొత్తవి వద్దు. కొనక తప్పకపోతే రెండు వారాల ముందు నుంచి రోజూ వేయించండి. పొద్దున బూటు వేసుకునే ముందు తిరగేసి దులపాలి, తేళ్ళు దూరేది అందులోకే.

సర్దడం పిల్ల చేతే చేయించండి. అమ్మ సర్దిన బ్యాగులో చీకట్లో సాక్సు ఎక్కడుందో పిల్లకి తెలియదు. అన్నీ కుక్కి పెట్టకుండా రోజుకొక జత చొప్పున చుట్టి, వేరు వేరు గుడ్డ సంచుల్లో పెట్టాలి. వాన కోటు అన్నిటికన్నా పైన.

మొత్తంగా చూస్తే బ్యాగు, ఫస్ట్ ఎయిడ్ పౌచ్, విజిల్, లాన్‌యార్డ్ ఉంచుకోవచ్చు. తాళ్ళు, షీటు, ప్లేటు, టార్చి విడిగా కొనాలి. కిట్‌లో కొన్ని తీసేసి ధర తగ్గిస్తారేమో అడగండి, పది సెట్ల పైన కొంటే చాలా కొట్లు ఒప్పుకుంటాయి. తాడు మాత్రం ఎవరికి వాళ్ళు కొనొద్దు. ఎనిమిది మంది ఉన్న పాట్రోల్‌కి (చిన్న జట్టుకి) 8 మిల్లీమీటర్ల నూలు తాడు 24 మీటర్లు, లాషింగ్‌కి 6 మిల్లీమీటర్లది ఇంకో 24 మీటర్లు కావాలి. తాళ్ళ కొట్లో చుట్ట లెక్కన తీసుకుంటే ముక్కలకన్నా చవక పడుతుంది. కత్తిరించే ముందే కోయబోయే చోటుకి అటూ ఇటూ దారం చుట్టి ముడి వేయండి. కోశాక చుడదామంటే ఈలోపు కొస విచ్చుకుపోతుంది.