కొత్త కారు పెయింట్‌లో లోపం: పాలిష్, రీపెయింట్, డబ్బు, వేరే కారు... ఏది మేలు?

కొత్త కారు డెలివరీ మన దగ్గర ఎక్కువగా ముహూర్తం ప్రకారమే జరుగుతుంది. షోరూమ్ లైట్ల కింద రిబ్బన్, పూలదండ, కొబ్బరికాయ, టైర్ల కింద నిమ్మకాయలు, ఫొటోలకు నిలబడ్డ ఇంటిల్లిపాదీ. ఆ హడావుడిలో బానెట్ మీద గీత ఎవరి కంటా పడదు. మర్నాడు ఎండలో పడుతుంది. డీలర్‌కు ఫోన్ చేస్తే, "తీసుకురండి సార్, ఫ్రీగా పెయింట్ వేసిస్తాం" అంటారు. చాలామంది హమ్మయ్య అనుకునేది ఇక్కడే. నన్నడిగితే, డీలర్ చెప్పే మాటలన్నింటిలో బాగా ఆలోచించి ఒప్పుకోవాల్సింది ఇదే.

ఫ్యాక్టరీలో కారు బాడీకి రంగు వేసేటప్పటికి సీట్లు, వైర్లు, రబ్బర్లు ఏవీ ఉండవు. ఉత్త లోహం కాబట్టి 140 డిగ్రీల చుట్టుపక్కల వేడిలో పెయింట్‌ను కాల్చగలరు. తుప్పు పట్టకుండా అడుగున వేసే కోటుకైతే వేడి ఇంకా ఎక్కువ. తయారైపోయిన కారును అంత వేడిలో పెడితే ప్లాస్టిక్ భాగాలు పాడైపోతాయి. అందుకే వర్క్‌షాప్ బూత్‌లో 60 డిగ్రీల దగ్గర ఆరే వేరే రకం పెయింట్ వాడతారు. పనితనం తెలిసిన పెయింటర్ వేస్తే అది కూడా ఏళ్ల తరబడి ఉంటుంది. కానీ కంపెనీ పెయింట్‌కు సమానం కాదు. పైగా సర్వీస్ సెంటర్‌లో ఇన్సూరెన్స్ బండ్లు వరుసలో ఉండగా, మీ ఉచిత పనిని ఎంత శ్రద్ధగా చేస్తారో చెప్పలేం. మా బంధువుల కారుకు బానెట్ మీద చిన్న దుమ్ము రేణువు పెయింట్‌లో ఇరుక్కుందని డీలర్ బానెట్ మొత్తానికి రంగు వేయించాడు. రేణువు పోయింది, బానెట్ అంతా నారింజ తొక్కలా గరుకు తేలింది. హెడ్‌లైట్ అంచున రంగు తుంపర్లు మిగిలాయి.

పెయింట్ మందం కొలిచే మీటర్ సంగతి కూడా చూడాలి. చాలా కార్లకు కంపెనీ పెయింట్ మొత్తం మందం 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతో, అంతకు కాస్త ఎక్కువో. రీపెయింట్ చేసిన ప్యానెల్ మీద అదే మీటర్ సాధారణంగా 200 దాటుతుంది. పుట్టీ పెట్టి ఉంటే ఇంకా చాలా పైకి పోతుంది. రేపు మీరు కారు అమ్మబోతే, కొనడానికి వచ్చినవాళ్లు ఆ అంకె చూసి "ఎక్కడ గుద్దారు?" అని అడుగుతారు. గుద్దలేదని నిరూపించడం కష్టం.

కాబట్టి ముందు లోపం ఎంత లోతుగా ఉందో చూడండి. గీత మీద అడ్డంగా గోరు నడిపించండి. గోరుకు తగలకపోతే, గీత రంగు దాకా పోకుండా, దానిపై వేసే పారదర్శక పొర (క్లియర్ కోట్) దగ్గరే ఆగినట్టు. దానికి పాలిష్ చాలు. పొడి గుడ్డతో దుమ్ము తుడవడం వల్ల పడే సన్నటి సుడిగీతలు, పక్షి రెట్ట మచ్చల్లో పైపైన ఉన్నవి, బోరు నీళ్ల ఉప్పు మరకలు ఈ కోవలోవే. పెయింట్‌లో ఇరుక్కున్న రేణువును కూడా 2000 లేదా 3000 నంబరు వాటర్ పేపర్‌తో అక్కడికక్కడే జాగ్రత్తగా రుద్ది, పాలిష్ పెట్టి తీసేయొచ్చు. క్లియర్ కోట్ మొత్తం మందమే 40 మైక్రాన్ల దగ్గర ఉంటుంది గనుక, ఒకే చోట మళ్లీ మళ్లీ రుద్దనివ్వకూడదు.

అయితే ఆ పాలిష్ ఎవరి చేత చేయించాలి? డీలర్ దగ్గర వాషింగ్ కుర్రాడే కాంపౌండ్ పెట్టి మెషిన్ తిప్పేస్తే, పాత గీతలు పోయి వాటి స్థానంలో ఎండలో మెరిసే కొత్త సుడులు వస్తాయి. ఇంకో పద్ధతి ఉంది: గీతల్ని పూడ్చే నూనె లాంటి గ్లేజ్ పూసి అప్పగిస్తారు. నాలుగు వాష్‌లు కాగానే గీతలు మళ్లీ తేలతాయి. అందుకే, మీకు నమ్మకమున్న డీటెయిలింగ్ షాప్‌లో (కార్లకు పాలిష్, మెరుగు పనులు చేసే చోట) పని చేయించి బిల్లు డీలర్‌తో కట్టించడమే నా ఓటు. మాట వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి. పని చూసేటప్పుడు నీడలో ఫోన్ టార్చ్ వేసి, తర్వాత ఎండలో ఒకసారి చూడండి.

రీపెయింట్‌కు నేను అభ్యంతరం చెప్పనిది బంపర్ ఒక్కటే. అది ప్లాస్టిక్, తుప్పు భయం లేదు, విడదీసి రంగు వేయొచ్చు, అమ్మేటప్పుడు కూడా దాన్ని పెద్దగా పట్టించుకోరు. డోర్, బానెట్, ఫెండర్ బోల్టులతో బిగించినవి కాబట్టి, లోహం కనిపించేంత లోతు గీత ఉంటే తప్పనిసరై ఒప్పుకోవచ్చు. వెనక డోర్ తర్వాత వచ్చే క్వార్టర్ ప్యానెల్‌తో మాత్రం జాగ్రత్త. దాన్ని బాడీకి వెల్డ్ చేసి ఉంటారు. రూఫ్ దాకా చాలా కార్లలో అతుకు కనిపించదు కాబట్టి రంగు ఎక్కడ ఆపాలో తెలియక పైదాకా కలుపుకుంటూ పోతారు. మామూలు తెలుపు సులువుగా కలుస్తుంది. పెర్ల్ వైట్, సిల్వర్, లోతైన మెటాలిక్ ఎరుపు కలపాలంటే పక్క ప్యానెల్ మీదకు కూడా రంగు ఎక్కించాల్సి వస్తుంది. డోర్ లోపలి అంచులో, ఫుట్‌బోర్డ్ కింద ఉన్న చిన్న లోపానికి ఇంత గొడవ అక్కర్లేదు. చిన్న పెచ్చు లేచిన చోట కంపెనీ కలర్ కోడ్‌తో వచ్చే టచప్ పెన్ను చాలు.

వీటన్నిటికంటే మేలైన దారి వేరే కారు అడగడం. కానీ దానికి సమయం ఒక్కటే: ఇన్వాయిస్, ఇన్సూరెన్స్, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) ఆ ఛాసిస్ నంబర్ మీద పడకముందు. అప్పటిదాకా మీకు కేటాయించిన బండి మార్చడం డీలర్‌కు కంప్యూటర్‌లో చేసే పని. కాగితాలయ్యాక అది మీ కారే. పెనుకొండ ఫ్యాక్టరీ నుంచో శ్రీపెరంబుదూర్ ఫ్యాక్టరీ నుంచో ట్రైలర్ల మీద వచ్చిన బండ్లు ఊరి బయట స్టాక్‌యార్డ్‌లో ఎండలో, దుమ్ములో ఉంటాయి. మిగతా డబ్బు కట్టకముందే పట్టపగలు అక్కడికే వెళ్లి, కడిగించి, అద్దెకు దొరికే మీటర్‌తోనో పీడీఐ (డెలివరీకి ముందు తనిఖీ) చేసే మనిషితోనో చూసుకోండి. ఏదైనా లోహపు ప్యానెల్ మిగతా వాటికి రెట్టింపు చూపిస్తే, దారిలోనో యార్డ్‌లోనో దెబ్బ తగిలి రంగు వేశారనే అనుమానించాలి. అప్పుడు డిస్కౌంట్ మాట కూడా ఎత్తకుండా వేరే బండి అడగండి. మారుగా ఇచ్చేది ఎక్కువ రోజులుగా పడి ఉన్న బండి కాకుండా తయారీ నెల చూసుకోవాలి. ఆషాఢంలో, నెలాఖరులో మీ మాట చెల్లుతుంది. దసరా, ధన్‌తేరస్ రద్దీలో "వద్దంటే వెనక ఇంకొకరున్నారు" అంటారు. ముహూర్తం దాటిపోతుందని ఇంట్లో టెన్షన్ ఉంటుంది, నిజమే. ఇంకో మంచిరోజు చూసుకోవచ్చు కానీ, క్వార్టర్ ప్యానెల్‌కు ఫ్యాక్టరీ పెయింట్ మళ్లీ రాదు.

లోపానికి బదులు మ్యాట్లు, సీట్ కవర్లు, ఉచిత సిరామిక్ కోటింగ్ ఇస్తామంటే వద్దనండి. గీతలు తీయకుండా కోటింగ్ వేస్తే అవి దాని కిందే ఉండిపోతాయి. రీపెయింట్ మీద పీపీఎఫ్ (పెయింట్‌ను కాపాడే పారదర్శక ఫిల్మ్) అంటిస్తే, తీసేరోజు రంగు కూడా ఊడొచ్చే ప్రమాదం ఉంది. ఇక "ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టేద్దాం సార్" అనేదానికి అసలు ఒప్పుకోకండి. డెలివరీకి ముందు తగిలిన దెబ్బను తర్వాత తగిలినట్టు రాయడం తప్పుడు క్లెయిమ్. మొదటి ఏడాది క్లెయిమ్ లేకపోతే వచ్చే 20 శాతం ఎన్‌సీబీ (ప్రీమియంలో తగ్గింపు) కూడా పోతుంది.

డీలర్ మొండికేస్తే కంపెనీకి కాపీ పెడుతూ మెయిల్ చేసి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు ఇవ్వండి. ఆపైన వినియోగదారుల కమిషన్. రెండేళ్లలోపు వెళ్లాలి. కారుకు కట్టింది 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చూస్తుంది. 5 లక్షల దాకా ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400. అక్కడ కొత్త కారే కావాలని పట్టుబడితే దక్కడం కష్టం. వారంటీ ప్రకారం చెడిన భాగం మార్చితే చాలు, మొత్తం కారు మార్చాల్సిన పనిలేదని 2006లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. రిపేరు ఖర్చు, పరిహారం అడగడం గెలిచే దారి. ఆ ఆలోచన ఉంటే, కారును డీలర్ వర్క్‌షాప్‌కు ఇవ్వకముందే ప్రతి లోపానికీ తేదీతో ఫొటోలు, ప్రతి ప్యానెల్‌కూ మీటర్ రీడింగ్ తీసి పెట్టుకోండి. పాలిష్ పడ్డాక చూపించడానికి ఆ గీత ఉండదు.