"పడేస్తాను" అంటే ఎలా? పోరులో సొంత ఎత్తులు: నాలుగేళ్లు వాడాక

ఇది డబ్బాలో వచ్చే ఆట గురించిన సమీక్ష కాదు, ఒక అలవాటు గురించి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలొక పాత్రా అయి పాచికలు వేసే ఆట) అయిదో ఎడిషన్‌లో, 2014 నాటి పుస్తకాలతో ఆడుతూ, పోరు మధ్యలో ఆటగాడు రూల్‌బుక్‌లో లేని పని, అంటే సొంత ఎత్తు, వేస్తానంటే సరేననడం. పర్లాకిమిడిలో ఆదివారాలు కూర్చునే మా బల్ల దగ్గర నాలుగేళ్లుగా ఇదే పద్ధతి. ముగ్గురు తెలుగువాళ్లు, ఇద్దరు ఒడియావాళ్లు. మ్యాపు గ్రాఫు కాగితం మీద, గడికి అయిదడుగులు. గాబ్లిన్లనే చిన్న రాక్షసుల బదులు చింతపిక్కలు.

పులి-మేక ఆటలో గీత ఉన్నచోటే జరగాలి. ఇందులో గీత లేనిచోటా జరగొచ్చని పుస్తకమే చెబుతుంది, కానీ ఒక చిన్న పేరాతో సరిపెడుతుంది: ఆ పని సాధ్యమో కాదో, ఏ రోల్ (పాచిక) వేయాలో డీఎం, అంటే కథ నడిపే డంజన్ మాస్టర్, తేల్చాలట. ఎంత లాభం ఇవ్వాలో అందులో లేదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

కొత్త డీఎంలందరూ చేసే తప్పు, ఎత్తుకొక రోల్, దెబ్బకొక రోల్ వేయించడం. లెక్క చూడండి. మూడో లెవెల్ ఫైటర్ (యోధుడు), దాడికి వేసే ఇరవై ముఖాల పాచికకి +5. ఎదుట గాబ్లిన్, ఏసీ (దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె) 15. మామూలుగా కత్తి దూస్తే పాచిక మీద 10 పడితే చాలు, అంటే 55 శాతం. అదే ఫైటర్ దూలం పట్టుకుని ఊగి వచ్చి కొడతానంటే డీఎం ముందు డీసీ 15 అథ్లెటిక్స్ (ఒంటి సత్తువ పరీక్ష, +5 కలిపి 15 చేరాలి) అడుగుతాడు. అదీ 55 శాతమే. రెండూ కలిసి రావాలంటే 30 శాతం. "పోనీ, ఊగొచ్చావు కాబట్టి అడ్వాంటేజ్ ఇస్తాలే" అని దెబ్బకి రెండు పాచికలు వేయించి పెద్దది తీసుకోమన్నా 44 దాటదు. ఊరికే నిలబడి కొట్టేవాడికి 55, ఊగేవాడికి 44. రెండు ఆదివారాలు గడిచేసరికి అందరూ నిలబడే కొడతారు. "మా వాళ్లకి ఊహ లేదండీ" అని డీఎంలు వాపోతారు గానీ, వాళ్లకి లెక్కలు వచ్చు, అంతే.

అందుకని మేం స్థిరపడింది ఒకే రోల్ మీద. దెబ్బ వదులుకుని ఎత్తు వేస్తే దాడి రోల్ ఉండదు, శత్రువే సేవ్, అంటే తప్పించుకునే పాచిక, వేస్తాడు. డీసీ 8, దానికి ప్రొఫిషియెన్సీ (లెవెల్‌తో పెరిగే నైపుణ్యం), తగిన ఎబిలిటీ (బలం, చురుకుదనం లాంటిది) కలపాలి. మన ఫైటర్‌కి 8+2+3, అంటే 13. 2024 పుస్తకంలో నెట్టడానికి కూడా ఈ లెక్కే పెట్టారు. 2014లో అది అథ్లెటిక్స్ పోటీ, రెండువైపులా పాచికలు. సేవ్ పద్ధతి త్వరగా తేలుతుంది, పైగా ఆలోచించినవాడికి ఫలితం ఉంటుంది. ఓగర్‌కి (గద పట్టే భారీ రాక్షసుడు) కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) +3 గనక 13 మీద 45 శాతం సార్లే తప్పుతాడు. డెక్స్‌టెరిటీ (చురుకుదనం) −1 గనక కాళ్ల కింద నూనె పోస్తే 65 శాతం. కండబలం ఉన్నవాణ్ని కాళ్ల దగ్గర దెబ్బతీయాలని ఆటగాళ్లు వాళ్లంతట వాళ్లే కనిపెడతారు.

రోల్‌కి ముందే ఏం దక్కుతుందో, తప్పితే ఏం పోతుందో డీఎం పైకి చెప్పాలి. దీన్ని మాత్రం సడలించకండి. వారపు సంతలో పోరు అనుకోండి:

"బావా, ఆ కారం మూట చించి ఓగర్ మొహాన కొడతాను."

"కొట్టు. వాడు కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేస్తాడు, డీసీ 13. తప్పితే వాడి తర్వాతి టర్ను చివరిదాకా కళ్లు కనబడవు. నెగ్గితే మూట ఖాళీ, కారం గాలికి నీ మీదికే వస్తాది, నీ తర్వాతి దాడికి డిస్‌అడ్వాంటేజ్. వేస్తావేటి?"

"...ఇంకో మూట ఉందా?"

"ఒక్కటే."

ఆ "ఒక్కటే" చాలా ముఖ్యం. కళ్లు పోయినవాడి మీద దాడులన్నిటికీ అడ్వాంటేజ్, వాడి దాడులకు డిస్‌అడ్వాంటేజ్ (రెండు పాచికల్లో చిన్నది తీసుకోవడం). నలుగురి జట్టుకి ఇది ఒక మంత్రమంత లాభం. ప్రతి రౌండూ ఉచితంగా దొరికితే విజర్డ్ (మంత్రగాడు) ఆడేవాడు పుస్తకం మూసేసి టీకి లేస్తాడు. మా కొలబద్ద ఇది: దిగువ లెవెళ్లలో ఏ ఎత్తూ మొదటి లెవెల్ మంత్రాన్ని మించకూడదు, ఒక పోరులో ఒక వస్తువు ఒక్కసారే. రెండోసారి శత్రువులు మొహం తిప్పుకుంటారు, సేవ్‌కి అడ్వాంటేజ్.

ఇలాంటి తగువే బ్యాటిల్ మాస్టర్‌తోనూ (ఫైటర్‌లో ఒక సబ్‌క్లాస్, అంటే ప్రత్యేక శాఖ) వస్తుంది. వాడికి మూడో లెవెల్లో నాలుగు డి8 (ఎనిమిది ముఖాల) పాచికలుంటాయి. కొట్టినప్పుడు ఒకటి ఖర్చుపెడితే దెబ్బా తగులుతుంది, సేవ్ తప్పితే శత్రువూ పడతాడు. పక్కనున్న రోగ్‌కి (దొంగ పాత్ర) అదే పని ఊరికే ఇచ్చేస్తే ఆ సబ్‌క్లాస్ తీసుకున్నవాడు ఎందుకు తీసుకున్నట్టు? కాబట్టి అందరికీ దెబ్బో ఎత్తో ఒకటే, ఆ పాచిక ఉన్నవాడికి రెండూ. ఈ ఒక్క గీత గీశాక మా దగ్గర సణుగుడు ఆగింది.

భాష సంగతి పుస్తకాలు రాసినవాళ్లకి తట్టి ఉండదు. తెలుగులో "పడేస్తాను" అంటే కింద పడగొట్టడమూ అవుతుంది, గట్టు మీంచి తోసేయడమూ అవుతుంది. రూల్స్‌లో అవి రెండు వేర్వేరు పనులు: ప్రోన్ చేయడం (పడగొట్టడం) ఒకటి, అయిదడుగులు నెట్టడం ఒకటి. ఒడియావాళ్లు "ఠేలిబి" అంటే నెట్టడమే, అనుమానం లేదు. వంతెన మీద ఒకసారి ఈ తేడాకే అరగంట వాదన నడిచింది. ఇప్పుడు మాటతో పని లేదు, చింతపిక్క ఏ గడిలోకి వెళ్లాలో వేలు పెట్టి చూపించాలి.

వంతెన అన్నాను కాబట్టి దాని లెక్క కూడా. నలభై అడుగుల ఎత్తు నుంచి ఓగర్‌ని తోస్తే పది అడుగులకొక డి6, అంటే 4డి6, సగటున 14. వాడి హిట్ పాయింట్లు, అంటే ప్రాణం కొలత, 59. "ఇంతేనా" అని ఆటగాడు నీరుగారిపోతాడు. అసలు లాభం దెబ్బలో లేదు. పడ్డవాడు ప్రోన్‌లో ఉంటాడు, లేవడానికి సగం నడక, అంటే 20 అడుగులు పోతాయి. ఎక్కడానికి అడుగుకి రెండడుగుల ఖర్చు. డాష్ చేసినా (దాడి మానేసి రెట్టింపు నడిచినా) ఆ టర్నులో 30 అడుగులే ఎక్కగలడు, దాడి ఉండదు. సగటున 13 దెబ్బ కొట్టే గద ఒక టర్నంతా ఊరుకున్నట్టే. ఇది డీఎం నోటితో చెప్పాలి, లేకపోతే ఆటగాడికి కనబడదు. ఇంకోటి, నెట్టేవాడికంటే శత్రువు ఒక సైజు వరకే పెద్దవాడై ఉండాలి. మనిషి ఓగర్‌ని నెట్టగలడు, హాఫ్లింగ్ (పొట్టి జాతివాడు) నెట్టలేడు. హాఫ్లింగ్‌కి వంతెన తాడు కోసే దారి వదలండి.

పడే బరువులకు డీఎం గైడ్‌లోని పట్టిక బాగా పనికొచ్చింది. నాలుగో లెవెల్ వరకు చిన్న ప్రమాదం 1డి10, గట్టిది 2డి10, ప్రాణాంతకం 4డి10. అటక మీంచి ధాన్యం బస్తాలు దొర్లిస్తే 2డి10, సగటు 11. ఏడు హిట్ పాయింట్ల గాబ్లిన్ చాలావరకు లేవడు. అయిదో లెవెల్ నుంచి అవే మెట్లు 2డి10, 4డి10, 10డి10 అవుతాయి. ఇది మార్చడం మరిచిపోయి పాత అంకెలే వాడితే పై లెవెళ్లలో బస్తాల జోలికి ఎవరూ పోరు. నూనె సీసా మాత్రం ఉన్నదున్నట్టే వాడండి: తగిలాక నిమిషంలోపు నిప్పు అంటుకుంటే అదనంగా 5.

దాడి పాచిక మీద 1 పడితే కత్తి జారిపోవడం, కాలు మడతపడడం లాంటి ఫంబుల్ పట్టికలు మాత్రం వద్దు. అయిదో లెవెల్ ఫైటర్ టర్నుకి రెండు దాడులు చేస్తాడు, ఏదో ఒకదాంట్లో 1 పడే అవకాశం దాదాపు 10 శాతం. పదకొండో లెవెల్లో మూడు దాడులకి 14 శాతం. ఎంత నేర్చితే అంత ఎక్కువగా కత్తి జారుతుందన్నమాట!

డంజన్ క్రాల్ క్లాసిక్స్ అనే మరో ఆటలో ఈ పని యోధుడికి పుట్టుకతోనే ఉంది: దాడి పాచికతో పాటు ఇంకోటి వేస్తాడు, దాని మీద మూడు లేదా పైన పడి దెబ్బా తగిలితే ఎత్తు పారినట్టే. అందంగా ఉంటుంది. మొదటి లెవెల్లో అది డి3, అంటే మూడింట ఒకసారే. ఆ పాచిక దొరక్కపోతే డి6 వేసి సగం చేసుకోండి.

ఇక నచ్చనిది. బేరాలు. మాటకారి ఆటగాడు ప్రతి టర్నునూ సంతలో చేపల బేరం చేస్తాడు, నోరులేనివాడు "కొడతాను" అని ఊరుకుంటాడు. దీనికి రెండు మందులు. ఫోన్లో ఒక నిమిషం టైమర్ పెట్టి, అది మోగేలోపు ఎత్తు చెప్పకపోతే మామూలు దాడే అనండి. పోరు మొదలయ్యేముందు మ్యాపు మీద కదిలించగల వస్తువులు మూడు గీసి పేర్లు రాయండి: కల్లు కుండలు, అడ్డాకుల కట్ట, బండి చక్రం. నోరులేనివాడు వేలితో చూపిస్తే చాలు. మా బల్ల దగ్గర బండి చక్రాన్ని దొర్లించింది ఎప్పుడూ ఆ మూలన కూర్చునేవాడే.