వెనిస్‌లో పిల్లలతో వపొరెట్టో ప్రయాణం: ధర ఎక్కువే, అయినా కాళ్లకు హాయి

వెనిస్ పాత నగరంలో కార్లు, బస్సులు తిరగవు. సైకిల్ తొక్కడం కూడా నిషిద్ధమే. ప్రధాన భూభాగం నుంచి వచ్చే రోడ్డు పియాజ్జాలే రోమా అనే కూడలి దగ్గరే ముగుస్తుంది, రైలు దానికి ఎదురుగా కాలువ అవతల శాంటా లూచియా స్టేషన్‌లో ఆగుతుంది, అక్కడి నుంచి ఎటు వెళ్లాలన్నా నడవాలి, లేదా పడవ ఎక్కాలి. పెద్దవాళ్లు మాత్రమే అయితే సందుల్లో తప్పిపోతూ నడవడమే ఆ ఊరిని చూడడానికి మంచి పద్ధతి. ఎనిమిదేళ్ల అమ్మాయిని, నాలుగేళ్ల అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లిన మాలాంటివారికి మాత్రం ఆ పద్ధతి మధ్యాహ్నం దాకా కూడా సాగదు. నగరంలో 400కు పైగా వంతెనలున్నాయి, వాటిలో చాలా వాటికి మెట్లే తప్ప ఏటవాలు దారి లేదు. అందుకే పిల్లలతో చేసే వెనిస్ యాత్ర సుఖంగా సాగుతుందా లేదా అన్నది హోటల్ కంటే, భోజనం కంటే ఎక్కువగా వపొరెట్టో అనే ప్రభుత్వ పడవ సర్వీసును ఎలా వాడుకుంటామన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. దీన్ని నడిపే సంస్థ పేరు ఏసీటీవీ.

ముందుగా ధర సంగతి, ఎందుకంటే అందరూ మొదట ఉలిక్కిపడేది అక్కడే. ఒక్క టికెట్ 9.50 యూరోలు, అది 75 నిమిషాలు చెల్లుతుంది. ఆ అంకెను మనసులో రూపాయల్లోకి మార్చుకోకుండా ఉండడం మనవాళ్లెవరికీ సాధ్యం కాదు, మార్చుకున్నాక ఎక్కబుద్ధి కాదు. స్థానికులు తమ కార్డుతో ఇందులో చిన్న భాగమే చెల్లిస్తారు కాబట్టి, ఇది యాత్రికుల కోసం పెట్టిన రేటేనన్నది స్పష్టం. అయితే విడి టికెట్లు కొనకుండా కాలపరిమితి పాస్ తీసుకుంటే లెక్క మారుతుంది. 24 గంటలకు 25, 48 గంటలకు 35, 72 గంటలకు 45 యూరోలు. అంటే మూడు రోజుల్లో ఐదుసార్లు ఎక్కితే పాస్ ఖర్చు తిరిగి వచ్చినట్లే, పిల్లలతో ఉన్నప్పుడు ఐదుసార్లు ఎక్కడం ఒక్క రోజులోనే అయిపోతుంది. ఆరేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. ఆరు నిండిన పిల్లలకు సగం టికెట్ అనే పద్ధతి లేదు, కానీ 6 నుంచి 29 ఏళ్ల మధ్యవారికి రోలింగ్ వెనిస్ అనే కార్డు ఉంది. కార్డుకు 6, దానితో వచ్చే 72 గంటల పాస్‌కు 27, మొత్తం 33 యూరోలు. మా నలుగురికీ కలిపి 123 యూరోలయ్యాయి. టికెట్ యంత్రం దగ్గర ఈ కార్డు గురించి తెలియక పెద్దల పాస్ కొనేసే కుటుంబాలు చాలానే ఉంటాయి, కాబట్టి కౌంటర్‌లో మనిషిని అడిగి తీసుకోవడమే మేలు.

ఆ డబ్బుకు దక్కే వాటిలో అన్నింటికంటే గొప్పది ఒకటో నంబరు పడవ. ఇది పియాజ్జాలే రోమాలో బయలుదేరి, నగరం మధ్యగా సాగే పెద్ద కాలువ, సుమారు 3.8 కిలోమీటర్ల గ్రాండ్ కెనాల్ పొడవునా ఒకసారి ఈ గట్టుకు, ఒకసారి ఆ గట్టుకు వెళుతూ దాదాపు ప్రతి రేవులోనూ ఆగి, నగర ప్రధాన కూడలి శాన్ మార్కో దాటి లీడో దీవి వరకు వెళుతుంది. శాన్ మార్కోకు చేరడానికే ముప్పావు గంట దాకా పడుతుంది. తొందరలో ఉన్నవారు రెండో నంబరు ఎక్కుతారు. పిల్లలున్నవారికి ఆ నిదానమే కావాలి, ఎందుకంటే పెద్దలు చూసే పాలరాతి భవనాల కంటే పిల్లలకు ఆసక్తి కలిగించేవి నీటి మీద జరిగే పనులు. చెత్తను తీసుకుపోయే పడవ, సైరన్ మోగించుకుంటూ వెళ్లే అంబులెన్స్ పడవ, కూరగాయల పెట్టెలు, కొరియర్ పొట్లాలు, ఫ్రిజ్‌లు, పరుపులు మోసే పడవలు వరుసగా ఎదురవుతూనే ఉంటాయి. మిగతా ఊళ్లలో లారీ చేసే ప్రతి పనీ ఇక్కడ పడవ చేస్తుందని పుస్తకం తెరవకుండానే వాళ్లకు అర్థమవుతుంది.

మా అబ్బాయికి వీటన్నింటి కంటే నచ్చింది కళాసీ పని. పడవ రేవును సమీపించగానే అతడు మోకును చేతిలోకి తీసుకుని, తేలే ప్లాట్‌ఫారం మీది ఇనుప దిమ్మకు ఒక్క విసురుతో చుట్టి ముడి బిగిస్తాడు, మోకు కిర్రుమని సాగుతుంది, పడవ పక్కకు లాగినట్లుగా వచ్చి ప్లాట్‌ఫారానికి ఆనుతుంది, అప్పుడు ఇనుప గేటు జరిపి రేవు పేరు పిలుస్తాడు. దిగేవారు దిగాక, ఎక్కేవారు ఎక్కాక, మోకు విప్పడానికి రెండు క్షణాలు చాలు. ఇదంతా కొద్ది నిమిషాలకోసారి మళ్లీ జరుగుతుంది కాబట్టి, రియాల్టో వంతెన వచ్చిందని మేము చూపించినా వాడు తల తిప్పలేదు. 1591లో పూర్తయిన ఆ వంతెనను తీరికగా చూసిన ఘనత మా అమ్మాయిదే.

సీటు కావాలంటే పియాజ్జాలే రోమాలోనే ఎక్కాలి. తర్వాతిదైన రైల్వే స్టేషన్ రేవులో సూట్‌కేసులతో జనం ఒక్కసారిగా ఎక్కుతారు, వేసవి పగటి పూట అక్కడి నుంచి రియాల్టో దాకా నిలబడే ప్రయాణం. ఉదయం ఎనిమిదిలోపు, లేదా రాత్రి భోజనం తర్వాత ఎక్కితే ఇదే పడవ మరో పడవలా అనిపిస్తుంది. ఇంకొక సంగతి, చాలా రేవుల్లో రెండు దిక్కులకు వెళ్లే పడవలూ ఒకే ప్లాట్‌ఫారం దగ్గర ఆగుతాయి, కనుక వచ్చిన మొదటి పడవ ఎక్కేయకుండా దాని బోర్డు చదవాలి. ఎక్కే ముందు ప్రతిసారీ రేవులోని యంత్రానికి పాస్ తాకించాలి. తాకించకుండా తనిఖీలో దొరికితే జరిమానా తప్పదు. పడవలో మరుగుదొడ్డి ఉండదు, ఊళ్లోని పబ్లిక్ టాయ్‌లెట్లకు డబ్బు చెల్లించాలి, అవి కూడా దూరదూరంగా ఉంటాయి. విమానాశ్రయానికి వెళ్లే పడవలు వేరే కంపెనీవి, వాటిలో ఈ పాస్ చెల్లదు.

పసిపిల్లలున్నవారు తోపుడు బండి ఇంట్లో వదిలి, ఒంటికి కట్టుకునే సంచీ తెచ్చుకోవడమే మంచిది. వంతెన వంతెనకూ బండిని ఎత్తి దించడం ఇద్దరు మనుషుల పని. నడిచే వయసు పిల్లలతో జాగ్రత్త వేరే: చాలాచోట్ల కాలువ గట్టుకు రెయిలింగ్ ఉండదు, నీళ్లు నడక దారికి అడుగు దూరంలోనే ఉంటాయి.

పాస్ ఉంది కదా అని దీవులకు కూడా వెళ్లాం. ఫొందమెంతే నోవే రేవు నుంచి మురానో పది నిమిషాలే. అగ్ని ప్రమాదాల భయంతో 1291లో గాజు కొలుములను నగరం నుంచి ఆ దీవికి తరలించారు, ఇప్పటికీ అక్కడ ఎర్రగా కాలిన గాజు ముద్దను గొట్టంతో ఊది ఆకారం తెచ్చే పనివారిని చూడవచ్చు. పిల్లలకు అది చాలా నచ్చుతుంది, పక్కనే ఉన్న అమ్మకపు గది మాత్రం చేతులు కట్టుకుని నడవాల్సిన చోటు. రంగురంగుల ఇళ్ల బురానోకు పన్నెండో నంబరు పడవలో ముప్పావు గంట. ఇళ్లు బాగుంటాయి కానీ, సాయంత్రం తిరుగు పడవ కోసం పెద్ద వరుస ఉంటుంది, అలసిన నాలుగేళ్ల పిల్లవాడితో అక్కడ నిలబడడం కంటే మురానోతో సరిపెట్టుకోవడం నయమని నా అభిప్రాయం.

ఒకటో నంబరు మీదే శాన్ స్తాయే రేవులో దిగితే, కొద్ది నడకలో ఫొందాకో దెయి తుర్కి అనే పాత వర్తక భవనంలో ప్రకృతి చరిత్ర మ్యూజియం ఉంది. సహారా ఎడారిలో నైజర్ దేశంలో తవ్వి తీసిన ఔరనోసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం అందులో నిలబెట్టి ఉంది. చర్చిలు, చిత్రాలు చూసి విసిగిన పిల్లలకు ఇంతకంటే మంచి విరామం ఆ ఊళ్లో లేదు. సోమవారం సెలవు. ఎత్తు నుంచి ఊరిని చూడాలంటే శాన్ మార్కో గంటగోపురం దగ్గర వరుసలో నిలబడకుండా, శాన్ జక్కారియా రేవు నుంచి రెండో నంబరులో ఒక్క రేవు దాటి శాన్ జోర్జో మజ్జోరే దీవికి వెళ్లండి. అక్కడి చర్చి గోపురానికి కూడా లిఫ్టు ఉంది, జనం తక్కువ, పైగా శాన్ మార్కో గోపురం కూడా ఎదురుగా కనిపిస్తుంది. 1902లో అది కుప్పకూలి, 1912లో మళ్లీ అచ్చం అలాగే లేచిందని చెబితే మా అమ్మాయి నమ్మలేదు.

తెడ్డుతో నడిపే సన్నని సంప్రదాయ పడవ గొండోలా ఎక్కకుండా వెనిస్ ఏమిటని పిల్లలు అడుగుతారు. పగటి పూట అధికారిక ధర అరగంటకు 90 యూరోలు, గరిష్ఠంగా ఐదుగురు ఎక్కవచ్చు. మేము త్రగెత్తోతో పని కానిచ్చాం. గ్రాండ్ కెనాల్‌ను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటించే సాదా గొండోలా అది, మనిషికి 2 యూరోలు, చిల్లర చేతిలో ఉంచుకోవాలి. శాంటా సోఫియా నుంచి రియాల్టో చేపల బజారు వైపు దాటడానికి కొద్ది నిమిషాలే పట్టినా, పిల్లల ఫొటోల్లో అది గొండోలాయే.

పగలంతా తిరిగి సాయంత్రం వెళ్లిపోయేవారి నుంచి 2024 నుంచి కొన్ని నిర్ణీత రోజుల్లో ప్రవేశ రుసుము వసూలు చేస్తున్నారు. 14 ఏళ్లలోపు పిల్లలకు మినహాయింపు ఉంది. రాత్రి బస చేసేవారికి కూడా ఈ రుసుము లేదు, కానీ ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి, హోటల్‌కు కట్టే పర్యాటక పన్ను వేరు. ప్రధాన భూభాగం మీది మెస్త్రేలో చౌకగా గది దొరుకుతుంది, రైలు పది నిమిషాలే. అయినా పిల్లలున్నవారు డబ్బు కాస్త ఎక్కువైనా ఒకటో నంబరు ఆగే రేవుకు ఒక్క వంతెన కూడా అడ్డం లేని గదిని వెతుక్కోవాలి. బుక్ చేసే ముందు మ్యాప్‌లో రేవుకూ హోటల్‌కూ మధ్య వంతెనలెన్నో లెక్కపెట్టండి.