‘అయిదు హార్స్‌పవర్’ పడవ మోటారు కొనేవారు జాగ్రత్త

ఒడిశాలోని చిలికా సరస్సులో తిరగడానికి గాలి ఊదే రబ్బరు పడవలు కొంటున్న బరంపురం, ఛత్రపురం, రంభ ప్రాంతాల తెలుగువారు, వాటి వెనుక బిగించే చిన్న మోటారుకు డబ్బు కట్టే ముందు ఇది చదవవలసిందిగా మనవి.

బరంపురంలో ఒక దుకాణదారు ‘అయిదు హార్స్‌పవర్, ఉప్పునీటికి ప్రత్యేకం’ అని చెప్పి నాకు అమ్మిన మోటారు అసలు పడవ కోసం పుట్టినది కాదు. పైనున్న ఎర్రటి ప్లాస్టిక్ మూత విప్పితే, గడ్డి కోసే యంత్రాలకు వాడే 52 సీసీ టూ స్ట్రోక్ ఇంజను బయటపడింది. దాని కింద ఒక గొట్టం, గేరుపెట్టె, ప్రొపెల్లర్ తగిలించి రంగు వేశారు. అట్టపెట్టె మీద 5 అనే అంకె అరచేయంత ఉండగా, ఇంజనుకు అంటించిన పలక మీద 1.65 కిలోవాట్లు అని ఉంది. ఒక హార్స్‌పవర్ సుమారు 746 వాట్లు కనుక, అది రెండు హార్స్‌పవర్ పైన కాస్త, అంతే. నీరు నిలకడగా ఉన్నప్పుడు ఇద్దరికి ఆ బలం చాలుతుందన్న మాట నిజమే గాని, వేసవి మధ్యాహ్నం దక్షిణపు గాలి లేచాక రంభ ఒడ్డుకు ఎదురు రావలసివస్తే ఇంజను ఎంత అరిచినా పడవ ఉన్నచోటనే ఉంటుంది.

‘ఉప్పునీటికి ప్రత్యేకం’ అన్న మాట ఇంకా అన్యాయం. వానాకాలంలో తగ్గి వేసవిలో పెరిగే చిలికా ఉప్పదనానికి అల్యూమినియం గేరుపెట్టె, స్టీలు మరలు కలిసే చోటనే తెల్లటి పొడి రాలడం మొదలైంది. తుప్పును తన మీదికి తీసుకొనే జింకు ముక్క ఎక్కడా లేదు. సీలు నిలవక నీరు చొరబడి, గేరు నూనె మజ్జిగలా తెల్లబడింది. అన్నిటికన్నా ప్రమాదం, మనిషి నీటిలో పడితే ఇంజనును ఆపే మణికట్టు తాడు కూడా దీనికి లేదు.

కొనేటప్పుడు మూత విప్పించి కిలోవాట్ల అంకె చూడండి. షాఫ్టు, అంటే మోటారు నుంచి నీటిలోకి దిగే గొట్టం, కొలత కూడా అడగండి. చిన్న రబ్బరు పడవలకు సాధారణంగా 15 అంగుళాలది సరిపోతుంది, 20 అంగుళాలది తెస్తే లోతు తక్కువ ఉన్నచోట నాచులోను, వలలలోను చిక్కుకుంటుంది. పడవ మోయగల గరిష్ఠ హార్స్‌పవర్ దాని వెనుక పలక మీదనే ఉంటుంది.

మోటారు తిరిగి తీసుకోమంటే, నీటిలో ముంచిన వస్తువుకు వారంటీ వర్తించదని ఆ దుకాణదారు సెలవిచ్చారు. పడవ మోటారును మరెక్కడ వాడాలో ఆయనే చెప్పాలి! జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే అక్కడ రుసుము లేదు. ఆయన ఇచ్చిన రసీదులో ‘మోటారు - 1’ అని మాత్రమే ఉంది. మీరు కొంటే మోడల్, కిలోవాట్లు, ఉప్పునీటికి పనికివస్తుందన్న హామీ, మూడూ రసీదు మీద రాయించుకున్న తరువాతనే డబ్బు ఇవ్వండి.