విజయనగరం మూలికల దుకాణంలో కొన్న సుగంధ తైలాలు

విజయనగరం గంటస్తంభం సమీపంలోని ఒక మూలికల దుకాణంలో వాము, నిమ్మగడ్డి, తులసి, నీలగిరి తైలాలు కొని కొంతకాలంగా వాడుతున్నాను. ఇటువంటి తైలాల విలువ వాటిలో ఏ రసాయనం ఏ పాళ్లలో ఉన్నదన్న దానిపైనే ఆధారపడుతుంది కనుక వాసన బాగుందనో ధర తక్కువనో చెప్పి ఊరుకోలేను.

నాలుగింటిలోకీ వాము తైలం మేలైనది. దాని ఘాటుకు, క్రిములను అణచే గుణానికి ముఖ్య కారణం థైమాల్. సాధారణంగా అది 35 నుంచి 60 శాతం వరకు ఉంటుంది, మిగిలిన దానిలో ఎక్కువ భాగం పారా-సైమీన్, గామా-టెర్పినీన్. తైలాన్ని బాగా చల్లబరిస్తే థైమాల్ పలుకులు కడుతుంది. మూలికల కొట్లలో వాముపువ్వు పేరుతో అమ్మేది దానినే. ఆ పువ్వును ముందే తీసి విడిగా అమ్ముకుని, మిగిలిన పలుచని ద్రవాన్ని వాము తైలమని సీసాల్లో నింపే వ్యాపారులూ ఉన్నారు. ఇక్కడి సీసాను ఫ్రిజ్‌లో ఉంచగా అడుగున తెల్లని స్ఫటికాలు దండిగా ఏర్పడ్డాయి. థైమాల్‌ను బయటి నుంచి కలపలేదని చెప్పడానికి ఈ పరీక్ష చాలదు కాని, దానిని తీసివేయలేదని మాత్రం నమ్మవచ్చు.

నిమ్మగడ్డి తైలానికి గ్యాస్ క్రొమటోగ్రఫీ (తైలంలోని రసాయనాలను వేరుచేసి ఏది ఎంత ఉందో కొలిచే పరీక్ష) నివేదిక అడిగితే విసుక్కోకుండా చూపించారు, ఇది నాకు చాలా నచ్చింది. అందులో సిట్రాల్, అంటే జెరానియల్, నెరాల్ రెండూ కలిపి, 70 శాతానికి పైగా ఉంది. మంచి తైలంలో ఉండవలసినదీ అంతే. అయితే నివేదికపై సరుకు బ్యాచ్ సంఖ్య లేదు కనుక అది నేను కొన్న సీసాకు చెందినదేనని రూఢిగా చెప్పలేను. గాలికి, వెలుతురుకు సిట్రాల్ చెడిపోతుంది కనుక ముదురు గోధుమరంగు సీసాలో ఇవ్వడం సరైన పని.

తులసి తైలం పరవాలేదు. యూజినాల్ తెచ్చే లవంగపు వాసన స్పష్టంగా ఉంది.

నా అభ్యంతరమంతా నీలగిరి తైలం గురించే. సీసాపై మొక్క శాస్త్రీయ నామం లేదు. మనం జామాయిల్ అని పిలిచే ఈ చెట్లలో జాతులు అనేకం: గ్లోబ్యులస్ జాతి తైలంలో సినియోల్ ప్రధానం, సిట్రియోడోరాలో సిట్రోనెల్లాల్ ప్రధానం. జలుబుకు ఆవిరి పట్టడానికి జనం కోరుకునేది మొదటిదాన్ని, రెండవదాని వాడకం ఎక్కువగా పరిమళాలలోనూ దోమల నివారణలోనూ ఉంటుంది. పైగా సినియోల్ అధికంగా ఉన్న తైలాన్ని పసిపిల్లల ముక్కు దగ్గర రాయకూడదన్న హెచ్చరికా సీసాపై కనిపించలేదు. ఈ రెండు విషయాలూ యజమానితో చెప్పాను. సరఫరాదారును అడిగి కొత్త చీటీలు అంటిస్తామన్నారు. అంతవరకు ఆ సీసా ఒక్కటి కొనవద్దని నా సలహా.